పేరు తీయని ఇల్లు

కొండ కడుపులోన కొలువైన దేవరా
వానచినుకులోని వాణివీవు
పేరు లేని నీకు పేరులెన్నెన్నియో
పిలుపు వినుచునుండు పెద్దదిక్కు!

నల్లమల గుహలలో సగం దేహాన్ని ఉమాదేవికి పంచి ఇచ్చి కొలువున్న మహేశ్వరుని ముందుగా తలచుకొని, ఆ స్వామి నీడన నేను గడిపిన ఒక వానకాలపు ముచ్చట విన్నవించుకుంటాను.

అది రెండువేల ఆరో సంవత్సరం. బిజినేపల్లి బడిలో పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. నా ఇల్లాలు అంతకు ముందే కాలం చేసింది. చాతుర్మాస్యం నాలుగు నెలలూ ఒకే చోట, ఒకే దైవం ఎదుట గడపాలన్న కోరికతో ఆషాఢమాసంలో మద్దిగుండం చేరాను. అచ్చంపేట దాటి అడవిలోకి పోయే బస్సు గుట్ట కింద దింపి వెళ్ళిపోతుంది. అక్కడి నుంచి బండల మీదుగా ఎక్కాలి. పైన కొద్దిపాటి గడపలు, జొన్న చేలు, ఆముదపు చేలు, చిన్న శివాలయం. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళందరూ వరినాట్ల కూలికి వీపనగండ్ల వైపు దిగిపోయారు. పైన మిగిలినది ముసలివాళ్ళు, మేకలు, పొగమంచు. ముసురు పట్టిందంటే ఒక ఇంటికి మరొక ఇల్లు కనిపించదు. మనిషి గొంతు వినిపిస్తే అది ఎవరిదైనా సరే, పని మాని వినాలనిపించేది.

గుడి పక్కనున్న గది నాకు ఇచ్చారు. దానికి ఎదురుగా బోదగడ్డి కప్పు వేసిన ఇల్లు. అందులో పిల్లలు లేని వృద్ధదంపతులు ఉండేవారు. ఆమెను ఊరంతా పెద్దమ్మ అని పిలిచేది. ఆమె పుట్టింది ఆ ఇంటిలోనే. భర్త అయిజ వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. వచ్చిన నాటి నుంచి ఊరికి ఆయన అయిజ అల్లుడే. తోటి ఈడువాళ్ళు అయిజ బావ అన్నారు. తరువాతి వాళ్ళు అయిజ మామ అన్నారు. ఇప్పటి పిల్లలు అయిజ తాత అంటున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాత్రం ఆయనతో గుట్ట ఎక్కలేదు, అయిజలోనే ఉండిపోయింది.

వారానికొక పర్యాయం గుట్ట కింది ఊరి నుంచి కళావతి ఎక్కి వచ్చేది. ఒక ధర్మసంస్థవారు ఎంపిక చేసి, తర్ఫీదు ఇచ్చి, కొండ మీది వృద్ధులను చూసిరమ్మని పంపిన ఆరోగ్య కార్యకర్త. ఊళ్ళో వాళ్ళకు ఆమె దవాఖాన పిల్ల. మందుల సంచీ భుజాన వేసుకొని, చెప్పులు చేతబట్టుకొని, తడిసిన బండల మీద పిల్లిలా నడిచి వచ్చేది. నాడి చూసేది, గోలీలు ఇచ్చేది. అన్నింటికన్నా ముందు వేడినీళ్ళు కాచి, ముసలివాళ్ళ పాదాలు అందులో నానబెట్టి, వంగి తీసుకోలేని గోళ్ళను తాను కూర్చొని తీసేది. ఆ పని ఆమెకెవరూ చెప్పలేదట.

మొదటిసారి ఆమె ఆ ఇంటికి వచ్చిన రోజు నేను నా గది అరుగు మీదనే ఉన్నాను.

"కాలు ఇటియ్యి పెద్దమ్మా. గోర్లు గిట్ల వెంచినవేంది? చేను దున్నుతవా వీటితోని?"

"దున్నేది లేకుంటె నీ నెత్తి గోకుత. మెల్లగ తియ్యే పిల్లా, అవి నా వేళ్ళే."

"తీస్త తియ్యి. ఇంట్ల ఇంకెవరున్నరు?"

"మా ఆయన."

"ఆయన పేరేంది?"

పెద్దమ్మ చూపుడువేలు ఎత్తి ఆకాశం వైపు చూపింది. కళావతి చేతిలోని కత్తెర ఆగిపోయింది.

"అయ్యో! ఎప్పుడు పోయిండు పెద్దమ్మా?"

"నీ నోట్ల మన్నువడ! పోవుడేందే? ఇంటెన్క కూసున్నడు. నా నొసట బొట్టు కనవడ్తలేదా నీకు?"

"మరి పైకి జూపిస్తివి?"

"పేరడిగితివి గద. పైన ఏమున్నదో సూసి నువ్వే చెప్పుకో."

కళావతి తల ఎత్తి చూసింది. "దేవుడా?"

"కాదు, జర కిందికి."

"సూర్యుడు... సూరయ్యనా?"

"వానకాలంల సూర్యుడు యాడున్నడే గుడ్డిదానా?"

మేకలను తోలుకొస్తున్న కిష్టయ్య గోడ అవతల నిలబడి ఇదంతా వింటున్నాడు. అతడు పెద్దమ్మకు మేనల్లుడి వరస. ఇక ఆగలేక అరిచాడు. "మొగులు! మొగులు! మొగులప్ప! దవాఖాన పిల్లను ఎందుకు పరేషాన్ చేస్తవత్తా?"

మొగులంటే మా పాలమూరు సీమలో మేఘం. పెనిమిటి పేరు నోట పలకరాదు గనుక ఆ మాటనే ఆమె తన భాషలో నుంచి తీసివేసింది. వానల కోసం బతికే మెట్ట సేద్యగాళ్ళ ఊళ్ళో, వానకాలమంతా, మబ్బును పేరుతో పిలవకుండా నెట్టుకొచ్చింది. కిష్టయ్యకు అదొక వేడుక. దంచేందుకు కడిగిన జొన్నలు ఆరబోసి ఉన్నప్పుడు ఆకాశం ముసురుకుంటే ఆమె కేకలు వేసేది, అతడు కావాలనే అడిగేవాడు.

"అత్తా, పైన ఏమైందే?"

"నల్లగైంది."

"ఏం నల్లగైంది?"

"నీ మొఖం నల్లగైంది. జొన్నలెత్తు రా!"

మొగులప్ప మాత్రం ఈ నవ్వులలో కలిసేవాడు కాదు. ఇంటి వెనుక మొద్దు మీద కూర్చొని లోయ వైపు చూస్తుండేవాడు. మితభాషి అనుకున్నాను. ఒకనాడు నన్ను దగ్గరకు పిలిచి, "అయిజకు బండి ఎప్పుడు కడ్తరు?" అని అడిగినప్పుడు నాకు అనుమానం కలిగింది. కళావతికి అంతకు ముందే కలిగిందట. ఆయన అంబలి తాగి, తాగలేదని మళ్ళీ అడగడం ఆమె చూసింది. గుట్ట కింది దవాఖానలో డాక్టరును కలిసి, ఆయన చెప్పినదంతా మనసులో పెట్టుకొని వచ్చి, నా ఎదుటే పెద్దమ్మను కూర్చోబెట్టింది.

"ఇది ముసలితనంల వచ్చే మతిమరుపంట. పూరాగ పోయేది కాదంట. కని రోజు పేరు వెట్టి పిలవాలంట. ఇది నీ ఇల్లు, ఇది నీ ఊరు అని ఒక్కటే తీరుగ చెప్పాలంట. లేకుంటె ఒకనాడు బయటికి నడిచి అడవి వడ్తడు. ఈ వానలల్ల అడవి వడ్తె ఏమైతదో నీకు నేను చెప్పాల్నా?"

"పిలువు మరి."

"నేను గాదు, నువ్వు పిలవాలె. ఆయనకు ఎరుకైన గొంతు నీదొక్కటే."

పెద్దమ్మ ముఖంలోని హాస్యం ఎక్కడికో పోయింది. "కాళ్ళు మొక్కుత బిడ్డా, ఇంకేమన్న చెప్పు. గోలీలు మింగించుమంటె మింగిస్త. ఎత్కొని తిరుగుమంటె తిరుగుత. పేరు మాత్రం తియ్య. ఆలి నోట పేరొస్తె మొగని ఆయుస్సు తరుగుతదని మా అవ్వ చెప్పింది."

"ఏ కాలంల ఉన్నవు పెద్దమ్మా?"

"ఆయన బతికున్న కాలంల ఉన్న," అని నన్ను చూసింది. "సామీ, నువ్వు శాస్త్రం సదివినోనివి. తియ్యొచ్చునా?"

చదివిన మాటే చెప్పాను. "తీయరాదనే పెద్దలన్నారమ్మా. ఆపద వచ్చినప్పుడు దోషం లేదని కూడా వాళ్ళే అన్నారు."

"ఇప్పుడాపద యాడున్నది? ఇంట్లనే ఉండె గద!"

కళావతి నిట్టూర్చి నా వైపు తిరిగింది. "సారూ, మీరన్న పిలువుండ్రి. మీకు వరస లేదు, అడ్డం లేదు."

ఆ విధంగా నేను ఆ పనికి కుదిరాను. ప్రతి ఉదయం స్వామికి అభిషేకం ముగించి, ఆ ఇంటి వెనుకకు వెళ్ళి, "మొగులప్పా! ఇది మద్దిగుండం. ఇది నీ ఇల్లు. ఈమె నీ ఇల్లాలు" అని చెప్పేవాణ్ణి. నా పిలుపు వినగానే ఆయన మొద్దు మీది నుంచి లేచి, తలగుడ్డ తీసి, చేతులు కట్టుకొని నిలబడేవాడు. "తప్పైంది దొరా" అనేవాడు. ఏ తప్పని అడిగితే చెప్పలేకపోయేవాడు. పిల్లల హాజరు పిలిచి పిలిచి అలవాటుపడిన గొంతు నాది. ఆ గుట్ట మీద ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళు అధికారులు తప్ప ఎవరుంటారు? కూర్చోమని ఎంత బతిమాలినా నేను వెళ్ళిపోయేదాకా కూర్చునేవాడు కాదు. పెద్దమ్మ తలుపు చాటు నుంచి చూసేది. "జర నవ్వుకుంట పిలువు సామీ, బెదురుతుండు" అనేది. నవ్వుతూ పిలిచి చూశాను. అప్పుడు ఇంకా బెదిరాడు.

సాయంకాలం గుడిలో దీపం పెట్టి స్వామి నామాలు చదువుతున్నప్పుడు నా మనసు ఆ మొద్దు దగ్గరికే పోయేది. స్వామికి వేయి పేర్లు. ఎదురింటిలో ఉన్న ఒక్క పేరు పలికేందుకు మనిషి లేడు. నన్నూ ఆ ఊళ్ళో సామి అనేవారు, సారు అనేవారు. నా పేరు అడిగినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు.

శ్రావణం గడిచింది. భాద్రపదంలో వారం పొడుగునా ముసురు పట్టి, చివరకు వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం లోయలోని మంచంతా పైకి లేచి ఊరిని కప్పేసింది. నేను అభిషేకజలం కోసం చెంబు ముంచుతుండగా పెద్దమ్మ పరుగున వచ్చింది. తల విరబోసుకొని ఉంది, కాళ్ళు మోకాళ్ళదాకా బురద.

"ఆయన లేడు సామీ. పొయ్యి ముట్టించి వచ్చేసరికి మొద్దు కాడ లేడు."

అప్పుడే గుట్ట ఎక్కి వచ్చిన కళావతి సంచీ నా అరుగు మీద పడవేసింది. కిష్టయ్య మేకలను దొడ్డిలోనే వదిలి కట్టె పట్టుకొని వచ్చాడు. ఎటు పోవాలో ఎవరికీ తెలియదు. బురదలో ఒక పాదపు గుర్తు చూసి కిష్టయ్య, "లోయ దిక్కు పోయిండు" అన్నాడు. లోయ దిక్కున ఊరు లేదు, చేను లేదు. వానలకు నిండి పారే వాగు ఉంది. ఆ మోత మంచులో అన్ని దిక్కుల నుంచీ వస్తున్నట్టు వినిపిస్తోంది.

"అయిజ మామా! ఓ అయిజ మామా!" కిష్టయ్య అరిచాడు.

"తాతా! నేనే తాతా, కళావతిని!"

నేను నా శక్తికొద్దీ, "మొగులప్పా!" అని పిలిచాను. మా అరుపులు మంచులోకి పోయి అక్కడే ఆగిపోయాయి. ఒకచోట రాళ్ళు కదిలిన చప్పుడు వినబడి ఇంకొకసారి పిలిచాను. చప్పుడు దూరమైంది. నా గొంతు విని ఆయన ఇంకా కిందికి జరుగుతున్నాడని కళావతికి ముందుగా తోచింది.

"సారూ, మీరు పిలవకుండ్రి," అని నా చేయి పట్టుకుంది. ఆ తరువాత పెద్దమ్మ వైపు చూసింది.

పెద్దమ్మ బండ అంచున నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. పెదవులు కదిలాయి గాని వాగు మోతలో మాకేమీ వినబడలేదు. మమ్మల్ని ఒకసారి చూసి, సిగ్గుపడిన పిల్లలాగా ముఖం అటు తిప్పుకుంది. లోయకు ఎదురుగా నిలిచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి పిలిచింది.

"మొగులప్పా! ఓ మొగులూ!"

ఆమె గొంతు అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. సందెవేళ ఇంటికి రాని పిల్లల కోసం గడపలో నిలబడి వేసే కేక అది.

కింద నుంచి, మేము అనుకున్నదానికంటే చాలా దగ్గర నుంచి, బదులు వచ్చింది.

"ఓ అవ్వా! వస్తుననే! ఎద్దులు ఇంగ నీళ్ళు తాగలే!"

అయిజ వైపు తల్లిని అవ్వ అంటారు.

మంచు కాస్త పలచబడింది. బండ కింద, వాగుకు కాస్త పైన, జారుడు గట్టు మీద ఆయన గొంతుక్కూర్చొని ఉన్నాడు. అడవితీగ ఒకటి పగ్గంలాగా పట్టుకొని నీళ్ళ వైపు వదులుతున్నాడు. కిష్టయ్య దిగబోయాడు. పెద్దమ్మ అతని కట్టె పట్టి ఆపింది. ఆమె భర్తనే చూస్తోంది. వాగు తన ధోరణిలో తాను మోగుతోంది.

"తాగినయ్ తియ్యి," అంది పెద్దమ్మ. "పా బిడ్డా, ఇంటికి పోదం."

ఆయన తీగ వదిలేశాడు. ఏ తొందరా లేకుండా రాళ్ళు పట్టుకొని పైకి ఎక్కి వచ్చి, ఆమె కొంగు చివర పట్టుకొని నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ముందు నడిచారు, మేము వెనుక నడిచాము.

కళావతి ఆయన ఒళ్ళు తుడిచి, దెబ్బలు చూసి, మోకాలి మీది గీతలకు మందు రాసింది. ఆమె సంతోషానికి మేర లేదు. "సూసినవా పెద్దమ్మా! పేరు వెట్టి పిలిస్తె ఎంత మంచిగ విన్నడో! ఇదే ముందే చేసి ఉంటె నాకు ఇన్ని తిప్పలు తప్పునా?" పెద్దమ్మ పొయ్యి ఊదుతూ అటు తిరిగి కూర్చుంది. పొగ ఎక్కువైందని అంది.

ఆ సాయంకాలం ఆమె గుడి మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. నేను దీపం వెలిగించి వచ్చాను.

"నన్ను అవ్వా అన్నడు సామీ."

"మతి లేక అన్నాడమ్మా."

"మతి లేకనే అన్నడు. కని పిలిస్తె పలికిండు." కొంగు అంచులోని బురద గోటితో గీకింది. "రోజు పిలవాలె గద, ఆ పిల్ల చెప్పె. పిలువకుంటె వాగుల వడ్తడు. పిలిస్తె నేను అవ్వనే అయిత."

నాకు తెలిసిన శాస్త్రమంతా ఆ మెట్టు మీద పనికి రాకుండా పోయింది. ఆమె లేచి, కొంగు దులుపుకొని, "అంబలి పోసే యాళ్ళైంది," అని వెళ్ళిపోయింది. కాసేపటికి ఎదురింటి నుంచి ఆమె పిలుపు వినిపించింది. "మొగులూ! రా బిడ్డా, తిందువు." బదులు కూడా వినిపించింది.

ఆ నాటి నుంచి రోజూ ఆ పిలుపు విన్నాను. ఆయన మరి లోయ వైపు పోలేదు. ఆమె ఎటు పోతే అటు, కొంగు పట్టుకొని తిరిగాడు. ఆమె పెడితే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. కిష్టయ్య వేళాకోళం మానేశాడు. ఆకాశం నల్లబడితే తానే వచ్చి జొన్నలెత్తి పోయేవాడు. అంతకు ముందు ఆమె భర్తతో ఏదో ఒక కయ్యం పెట్టుకోవడం నా గదిలోకి వినబడేది. ఉప్పు గురించి, పొగాకు గురించి, చచ్చిపోయిన ఆవు గురించి. ఇప్పుడు కయ్యాలు లేవు. పిల్లవాడితో ఎవరు కయ్యమాడతారు? రోజంతా ఆమె నోట మెత్తని మాటలే వినిపించేవి. ఆ ఇల్లు మరీ నిశ్శబ్దమైనట్టు నాకు అనిపించేది.

కార్తీకంలో నా దీక్ష ముగిసింది. గుట్ట దిగే ముందటి రోజు సెలవు తీసుకుందామని ఆ ఇంటికి వెళ్ళాను. వానలు వెనుకబట్టి ఎండ కాస్తోంది. కళావతి ఆయన పాదాలు నీళ్ళలో నానబెట్టింది. పెద్దమ్మ పక్కన కూర్చొని చేటలో జొన్నల్లో రాళ్ళేరుతోంది. ఆయన హుషారుగా ఉన్నాడు. ఉన్నట్టుండి పెద్దమ్మ వైపు వంగి రహస్యం అడిగినట్టు అడిగాడు.

"అవ్వా, నల్లమల మీద పిల్లను సూసినమంటివి గద. ఎట్లుంటదే?"

పెద్దమ్మ చేట మీది నుంచి తల ఎత్తలేదు. "నల్లగుంటది."

"నల్లగనా?" ఆయనకు కాస్త నిరాశ కలిగింది. "పొడుగా?"

"నీ బుజం కాడికొస్తది."

"నోరో?"

"నోరు జర ఎక్కువనే."

ఆయన నవ్వాడు. కళావతి కూడా నవ్వబోయి, పెద్దమ్మ ముఖం చూసి తల దించుకుంది. ఆయన నవ్వు అంతలోనే పోయింది. "గంత గుట్ట మీద నేనొక్కన్ని ఎట్లుండాలె అవ్వా? ఆడ నాకెవ్వరు తెల్వదు."

"ఆ పిల్ల ఉంటది గద."

ఆ మాట ఆయనకు బాగానే తోచినట్టుంది. కొంచెంసేపు ఆలోచించి, "పేరేంది పిల్లది?" అన్నాడు.

చేటలో ఆమె వేళ్ళు ఆగాయి. ఆ కాలపు మగవాళ్ళు కూడా ఆలిని పేరు పెట్టి పిలిచేవారు కారు. ఇగో అనో, ఇంటున్నవా అనో అనేవారు. నేను ఆ ఊళ్ళో నాలుగు నెలలున్నాను. నాకూ ఆమె పేరు తెలియదు.

"భీమమ్మ," అంది.

"భీమమ్మ." ఆయన ఆ పేరును నోట్లో వేసుకొని రుచి చూసినట్టు పలికాడు. "గట్టి పేరే." తరువాత చిన్నపిల్లవాడి అల్లరితో చేయి నోటికి అడ్డం పెట్టి, గడప వైపు తిరిగి, ఎవరినో లోపలి నుంచి పిలిచినట్టు కేక వేశాడు. "ఓ భీమమ్మా!"

"ఓ," అంది ఆయన పక్కనే కూర్చున్న పెద్దమ్మ. చాలా మెల్లగా అంది.

ఆయనకు వినబడలేదు. గడప వైపే చూస్తూ ఉన్నాడు.

ఈ ముచ్చట చదివిన వారిని, వినిన వారిని, వినిపించిన వారిని ఉమామహేశ్వరులు చల్లని చూపుతో కాచుదురు గాక! పరుల పాదాలు కడిగేందుకు కొండలెక్కే చేతులకు నొప్పి తెలియకుండు గాక! మంచు కమ్మిన ప్రతి గుడిసెలోనూ పొయ్యి వెలుగుచుండు గాక! అందరికీ శుభం కలుగు గాక!